అక్టోబరు ప్రవాహం

కొర్రా ఎలీయేజరు మా కాలేజీకి ఫిజిక్సు చెప్పడానికి వచ్చిన రోజు స్టాఫ్ రూములో అందరం ఒకే మాట అడిగాం. సముద్రం మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి, తీరంలో మంచి ఉద్యోగం వదులుకుని ఈ కొండల్లో డిగ్రీ పిల్లలకు కాంతి వక్రీభవనం చెప్పుకోవడమేమిటని. "అక్కడ ఉండబుద్ధి కాలేదండీ" అన్నాడు. అంతకుమించి చెప్పడానికి ఏడాది పైనే పట్టింది. నేను తెలుగు మాస్టర్ని. సముద్రం గురించి నాకు తెలిసింది తక్కువ. అతను చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను.

ఎలీయేజరుది పెదబయలు మండలంలో ఇరవై ఇళ్ళ గిరిజనుల ఊరు. తండ్రి మిషన్ బడిలో టీచరు, ఆదివారాలు ప్రార్థన నడిపేవాడు. తల్లి వైపు వాళ్ళు మతం మారలేదు. వాళ్ళ దేవుళ్ళు, వాళ్ళ పండగలు వాళ్ళవే. తల్లికి తమ్ముడు గాసి. ఊరికి మూడు మైళ్ళ కింద పారే పెద్దగెడ్డ అనే వాగు దగ్గర గేజీ రీడరుగా పనిచేసేవాడు. గెడ్డలో నాటిన ఇనప పలక మీద అంకెలుంటాయి. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఐదింటికి మెట్లు దిగి, నీళ్ళు ఏ అంకెను తాకుతున్నాయో చూసి రిజిస్టరులో రాయాలి. అదీ ఉద్యోగం. ఎలీయేజరు అంకెలు నేర్చుకున్నది బళ్ళో కాదు, ఆ పలక మీదే.

అతను సముద్రాన్ని మొదటిసారి చూసింది పదిహేడో ఏట, కాలేజీలో చేరడానికి కొండ దిగినప్పుడు. అప్పుడే వానలు వెనకబట్టాయి. ఏరు కలిసేచోట సముద్రం మైలు దూరం ఎర్రగా ఉంది. చుట్టుపక్కల వాళ్ళు మురికి అనుకున్నారు. అతనికి మాత్రం అది తన ఊరి మట్టి. ఆ ఎర్రనీళ్ళు ఎటు పోతాయి అన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది. దాన్ని పట్టుకునే ఎమ్మెస్సీ చదివాడు. తొంభై ఒకటిలో తీరంలోని ఒక పరిశోధన సంస్థలో డాక్టరేటుకు చేరాడు. సంస్థ పేరు రాయను. అక్కడ అతని గైడు ప్రొఫెసర్ మార్కండేయులు.

చేసిన పని ఇదీ. కాగితం మీద సముద్రాన్ని గళ్ళు గళ్ళుగా కోస్తారు. ఒక్కో గడిలో నీరు ఎంత వేడిగా ఉంది, ఎంత ఉప్పగా ఉంది, గాలి ఎటు తోస్తోంది అన్న అంకెలు పెడతారు. తర్వాత సూత్రాల ప్రకారం కంప్యూటరు చేత నడిపిస్తే ఏ గడిలోంచి ఏ గడిలోకి నీరు పోతుందో తేలుతుంది. దాన్ని మోడల్ అంటారు. మన తీరం వెంట నీరు కొన్నాళ్ళు ఉత్తరానికి, కొన్నాళ్ళు దక్షిణానికి నడుస్తుంది. వానాకాలం పోయాక దిక్కు మారుతుంది. కొండల మీద నుంచి వచ్చే మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి తీరం వెంట పైపొరగా నిలబడి ఆ మార్పును తొందరపెడుతుందని ఎలీయేజరు అనుమానం. రుజువు చేయాలంటే కొండనీరు రోజుకెంత వస్తోందో తెలియాలి. శబరిలోకి, గోదావరిలోకి, తీరంలోని చిన్న ఏర్లలోకి వచ్చే గెడ్డల లెక్కలు కావాలి. చాలా గేజీల రిజిస్టర్లలో నెలలకు నెలలు ఖాళీలున్నాయి. పదిహేనేళ్ళు ఒక్కరోజు కూడా తప్పకుండా రాసింది ఒక్క పెద్దగెడ్డ రిజిస్టరే. మిగతావాటి ఖాళీలన్నిటికీ దాంతోనే అతుకులు వేశాడు.

తొంభై మూడులో రెండు నెలలపాటు ఓ ఆఫీసు రికార్డు గదిలో, ఎలుక పెంటికల మధ్య కూచుని ఆ రిజిస్టర్లు ఎత్తి రాసుకున్నాడు. గాసి మావ గుండ్రటి అక్షరాలు. చూస్తుంటే గర్వంగా ఉండేదట. ఒకచోట మాత్రం ఆగాడు. రెండు వేరువేరు సంవత్సరాల్లో అక్టోబరు పద్నాలుగు నుంచి పదిహేడు దాకా అంకెలు సరిగ్గా ఒకటే. పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. ప్రొఫెసరుకు చూపించాడు.

"పదిహేనేళ్ళ డేటాలో నాలుగు రోజులకి భయపడతావేమిటయ్యా. స్మూతింగ్ చేసెయ్, అటూ ఇటూ ఉన్న అంకెలతో సర్దెయ్" అన్నాడు మార్కండేయులు.

చేసేశాడు.

మోడల్ అతను అనుకున్నట్టే చెప్పింది. కొండనీటి వల్ల తీరప్రవాహం పన్నెండు రోజులు ముందుగా తిరుగుతోంది, మూడోవంతు ఎక్కువ వేగంతో నడుస్తోంది. తొంభై ఏడులో పేపరు అచ్చయింది. మొదటి పేరు మార్కండేయులుది, రెండోది ఇతనిది. చివర కృతజ్ఞతల్లో గాసి పేరు కూడా ఉంది. పెదబయలు కొండల్లోని ఓ గేజీ రీడరు పేరు విదేశీ జర్నల్లో పడింది.

పేపరు బాగా పాకింది. ఆ రంగంలో వాళ్ళు దానికి అక్టోబరు ప్రవాహం అని పేరు పెట్టేశారు. చేపలు ఎప్పుడు ఎటు వలస పోతాయో చెప్పేవాళ్ళు దాన్ని వాడుకున్నారు. తుపాన్లు చూసేవాళ్ళు వాడుకున్నారు. ఒక పాఠ్యపుస్తకంలో పేపర్లోని గ్రాఫు రంగుల్లో పడింది. ఒకరి పేపరును మరొకరు తమ పేపర్లో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. వాళ్ళ లోకంలో పరువు దాంతోనే. రెండువేల మూడు నాటికి ఆ పేపరుకు అలాంటివి రెండువందల పైచిలుకు. ఈలోగా ఎలీయేజరుకు అదే సంస్థలో సైంటిస్టు ఉద్యోగం వచ్చింది. జీవిత అనే నర్సుతో పెళ్ళయింది.

రెండువేల మూడు ఏప్రిల్లో గాసి రిటైరయ్యాడు. ఊళ్ళో మధ్యాహ్నం భోజనాలు పెట్టాడు. ఎలీయేజరు వెళ్ళి మావ పక్కన చాప మీద కూచున్నాడు. విస్తరిలో పందికూర, పక్కన జీలుగు కల్లు.

"నీ రిజిస్టరు లేకపోతే నా చదువు లేదు మావా. ఎండనక వాననక రోజుకు రెండుసార్లు దిగావు" అన్నాడు.

"దిగడమేటి అల్లుడా. మెట్లెప్పుడో కొట్టుకుపోనాయి కాదేటి" అన్నాడు గాసి, కల్లు తాగుతూనే.

"ఎప్పుడు?"

"ఎనబయ్యారులో పెద్దేరొచ్చినాదా, అప్పుడు. మెట్లూ పోనాయి, గేజీ పలకా ఒరిగిపోయి ఇసకలో కూరుకుపోనాది."

"మరి రిజిస్టరు?"

"రాసినాను కదా. ఇంటికాడ కూకోని."

ఎలీయేజరు నమలడం ఆపేశాడు. గాసి తనే చెప్పుకుపోయాడు. "మొదట్ల ఖాళీగా వొగ్గీసినాను. పైనుంచి సూడ్డానికొచ్చిన బాబు కేకలేసినాడు. ఖాళీలుంటే నా మెడకి సుట్టుకుంటాది, ఏదోటి రాసీ అన్నాడు. పలక ఏయించండి బాబూ అంటే ఇదిగో అదిగో అన్నాడు. నాను పాత పుస్తకం ముందరెట్టుకోని ఆ ఖాళీలూ నింపీసినాను, ఆపైన కూడా అటూ ఇటూ మార్సి రాసీసీవోణ్ణి. అక్టోబర్ల మాత్తరం ఎక్కువేసీవోణ్ణి."

"అక్టోబరులో ఎందుకు?"

"ఆ పెద్దేరొచ్చింది అక్టోబర్లనే గదా. అంతేరు సూసినాక ఆ నెల్ల తక్కువేత్తే ఎవుడు నమ్ముతాడు?"

"ఎన్నేళ్ళు?"

"తొంబయ్యైదుల కొత్త పలక నాటినారు. అంతవరకూ అదే."

నోట్లో ముక్కను ఎలీయేజరు విస్తరిలో ఊసేశాడు. అంటే ఆ తొమ్మిదేళ్ళూ పెద్దగెడ్డలో పారింది నీళ్ళు కాదు, ఒక్క వరద జ్ఞాపకం. గాసి కళ్ళముందు నుంచి పోని ఆ ఒక్క ఏరును ఏటేటా రిజిస్టరులోకి దింపాడు. దాన్ని ఇతను సముద్రంలోకి వదిలాడు.

గాసికి అతని మొహం చూసి భయం వేసింది. "కోపమొచ్చిందేటి అల్లుడా? నాను తప్పు రాత్తే సముద్రం తిరగడం మానీసిందేటి?"

ఎలీయేజరు పాత పలక ఎక్కడుందని అడిగాడు. గాసి తీసుకెళ్ళి చూపించాడు. ఎవరో ఇసకలోంచి లాగి తెచ్చి పందుల దొడ్డికి అడ్డం పెట్టారు. పెంట, కుడితి పేరుకున్న పలక మీద ఏడు, ఎనిమిది అంకెలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒక పంది దానికి వీపు రుద్దుకుంటోంది. ఎలీయేజరు అక్కడే కూచుని తిన్నదంతా కక్కుకున్నాడు. కల్లు పడలేదనుకున్నారు అందరూ.

మావ మీద అసహ్యం రెండు రోజులుందట. ఇంటికెళ్ళి పాత నోటుపుస్తకం తీశాక అది తన మీదికి తిరిగింది. పెన్సిలు ప్రశ్నార్థకం అలాగే ఉంది. గాసి దాచిందేమీ లేదు. అడిగివుంటే తొంభై మూడులోనే చెప్పేవాడు. గర్వపడ్డాడు గాని ఒక్కసారి కూడా వెళ్ళి అడగలేదు. "డేటా అని పేరు పెడితే మావ కూడా మనిషి కాకుండా పోతాడండీ. అంకెలైపోతాడు" అన్నాడు నాతో. ఆ మాట చెప్తున్నప్పుడు అతని మూతి వంకర తిరిగింది.

లెక్క మళ్ళీ మొదలుపెట్టాలంటే నిజమైన అంకెలు కావాలి. డొంకరాయి రిజర్వాయరులోకి రోజూ వచ్చిన నీటి లెక్కలు సంపాదించాడు. అవి పద్ధతిగా ఉన్నాయి. పైకొండల వానల లెక్క ఎక్కడా దొరకలేదు. అరకు దగ్గర మిషన్ ఆసుపత్రి పెరట్లో వాన గేజీ ఒకటి ఉందని జీవిత చెప్పింది, ఆమె అక్కడ ట్రైనింగు చేసింది. వెళ్తే దాన్ని చూసేది ఆ ఆసుపత్రి వంటావిడ లూర్దమ్మ. అరవై దాటిన మనిషి. ఎప్పుడో ఒక విదేశీ సిస్టరు నేర్పి వెళ్ళిపోతే, ఇక చాలని చెప్పినవాళ్ళు లేక డెబ్భై తొమ్మిది నుంచి రోజూ పొద్దున పొయ్యి వెలిగించేముందు చూసి రాస్తూనే ఉంది. బియ్యం డబ్బాలో దాచిన ఇరవై నాలుగు నోటుపుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. చాలా పేజీల్లో అంకెలకు బదులు అడ్డగీతలున్నాయి.

"ఈ గీతలేమిటమ్మా?"

"నాను సూడని రోజులు బాబూ. జెరమొచ్చినపుడు, మా యమ్మ పోయినపుడు. సూడకుండా ఏటి రాత్తాను? గీతెట్టీసినాను." తప్పుచేసినట్టు తలవంచుకుని, "శానా ఉన్నాయి గీతలు. పనికొత్తాయా ఇవి?" అంది.

పనికొస్తాయన్నాడు. ఆవిడ పెట్టిన టీ తాగాడు. రోత లేకుండా ఏదన్నా తాగింది చాలా రోజుల తర్వాత అదేనట.

రెండువేల నాలుగులో మోడల్ కొత్త అంకెలతో నడిచింది. పన్నెండు రోజులు కాస్తా ఒక్కరోజైంది. మూడోవంతు వేగం నూటికి నాలుగు పాళ్ళకు పడింది. అంత చిన్న తేడా మోడల్లో ఊరికే కూడా వస్తుంది. అంటే పేపరు చెప్పిన అక్టోబరు ప్రవాహానికి ఆధారం ఏమీ మిగల్లేదు. కాగితాలు పట్టుకుని మార్కండేయులు గదికి వెళ్ళాడు. ఆయన అప్పటికి డైరెక్టరు. అన్నీ ఓపికగా విన్నాడు. బిస్కెట్ల ప్లేటు ముందుకు తోశాడు.

"మన పేపరు మీద ఎంతమంది కట్టుకున్నారో తెలుసా నీకు? ఇప్పుడు పునాది లేదంటే వాళ్ళేమైపోతారు?"

"అందుకే చెప్పాలి సార్."

"చెబుదాం, తొందరేముంది. ఇంకో అయిదేళ్ళకు ఎవరో మెరుగైన డేటాతో వస్తారు. దానంతటదే పాతబడిపోతుంది. సైన్సంటే అంతే."

ఎలీయేజరు వినలేదు. సవరణ రాసి ఇద్దరి పేర్లతో పంపిస్తానన్నాడు. మార్కండేయులు బిస్కెట్టు టీలో ముంచి, మెత్తబడిన ముక్కను నోట్లో వేసుకున్నాడు.

"సరే. అయితే ఒక పని చెయ్. మోడల్లో లోపమేమీ లేదు, చదువులేని ట్రైబల్ స్టాఫ్ తప్పుడు రీడింగులు రాశారు అని పెట్టు. అప్పుడు మన తప్పు కాదు. వాళ్ళెలాగూ అంతేనని ఎవరైనా అర్థం చేసుకుంటారు."

ఎదురుగా కూచున్నది ఎవరో ఆయనకు ఆ క్షణాన తట్టలేదు. తట్టాక, "నిన్ననలేదయ్యా, నువ్వు వేరు" అన్నాడు. ఆ రెండో మాటే ఎక్కువ రోత పుట్టించిందని ఎలీయేజరు చెప్పాడు. గడ్డం మీద టీ తడి, పళ్ళ మధ్య బిస్కెట్టు ముద్ద, ఆ మాట. కాగితాలు తీసుకుని లేచి వచ్చేశాడు.

సవరణ ఒక్క పేరుతోనే వెళ్ళింది. అందులో గాసి పేరు లేదు. గేజీ పలక లేదని తెలిసీ పైవాళ్ళు అంకెలు రాయమన్నారని, అనుమానం వచ్చినా తాను వెళ్ళి చూడలేదని రాశాడు. లూర్దమ్మ పేరు, ఊరుతో సహా వేశాడు. జర్నలు దాన్ని రెండువేల ఐదులో చిట్టచివరి పేజీలో అచ్చువేసింది. అసలు పేపరునే వెనక్కి తీసుకోమని రాస్తే, రచయితలందరూ ఒప్పుకోవాలని జవాబొచ్చింది. మార్కండేయులు ఒప్పుకోలేదు.

ఇంత చేశాక లోకం ఛీ కొడుతుందని ఎలీయేజరు భయపడ్డాడట. ఎవరూ ఛీ కొట్టలేదు. అసలెవరూ చదవలేదు. మరుసటి ఏడు మార్కండేయులుకు ఆ పేపరు మీదే ఒక పెద్ద బహుమతి వచ్చింది. సంస్థలో సన్మాన సదస్సు పెట్టారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కి, అదే గ్రాఫు తెర మీద వేసి, తాము దానిమీద ఏం కట్టారో చెప్పారు. కొండలా లేచిన ఆ అక్టోబరు గీతను చూసినప్పుడల్లా ఎలీయేజరుకు పందుల దొడ్డి కనిపించింది. మూడో ఉపన్యాసం తర్వాత లేచి, సవరణ వచ్చిందని, అది చదవమని చెప్పాడు. అధ్యక్షుడు గడియారం చూసుకుని, "మంచి సూచన. భోజనాల దగ్గర మాట్లాడుకుందాం" అన్నాడు. భోజనాల దగ్గర ముగ్గురు వచ్చారు. ఒకాయన భుజం తట్టి, "మీ నిజాయితీ నాకు నచ్చింది, కానీ నా విద్యార్థి థీసిస్ వచ్చే నెల సబ్మిట్ చేస్తున్నాడు" అన్నాడు. రెండో ఆయన ప్రొఫెసరుతో గొడవేమిటని అడిగాడు. మూడో ఆయనకు ఉప్పు కావాల్సివచ్చింది.

అప్పటినుంచి ఆ భవనంలో కాలు పెడితే వాంతి వచ్చినట్టుండేదట. కారిడార్లో ఆ గ్రాఫు ఫ్రేము కట్టించి పెట్టారు. దాన్ని దాటకుండా తన గదికి పోవడానికి వేరే దారి లేదు. జీవిత అంది, "రోజూ తిన్నది కక్కుకుని ఎన్నాళ్ళు బతుకుతావు? బేగి ఏదో ఒకటి తేల్చుకో." రెండువేల ఏడులో రాజీనామా చేసి మా కాలేజీకి వచ్చాడు.

ఇక్కడికొచ్చాక కూడా అది వదల్లేదు. మరుసటి ఏడాది ఒక జర్నలు వాళ్ళు అచ్చుకు ముందు పరిశీలించమని ఎవరిదో పేపరు పంపారు. రెండో పేజీలోనే అక్టోబరు ప్రవాహం. ఇతను మూడు పేజీల నివేదిక రాశాడు. ఈ ఫలితం తప్పు, రాసినవాడిగా నేనే చెబుతున్నాను, సవరణ చూడండి అని. రెండు నెలలకు మార్చిన పేపరు తిరిగొచ్చింది. పరిశీలకుడి విలువైన సూచనకు ధన్యవాదాలు అని మొదటి వాక్యం. పేపర్లో వాక్యం మారలేదు. అక్టోబరు ప్రవాహం కొండనీటి వల్లనే బలపడుతుందని అలాగే ఉంది. దాని పక్కన బ్రాకెట్లో ఆధారాలుగా రెండు సైటేషన్లు. ఒకటి పాత పేపరుది, రెండోది అది తప్పని చెప్పే సవరణది.

ఆ కాగితాన్ని స్టాఫ్ రూముకు తెచ్చి నా ముందు పెట్టినప్పుడే ఈ కథంతా చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. అబద్ధం ఆడితే ఎవరో ఒకరు పట్టుకుని నిలదీస్తారన్న భయం మనుషుల్లో ఉంటుందని ఇన్నాళ్ళూ నమ్మానని, ఇక్కడ అబద్ధమూ నిజమూ ఒకే బ్రాకెట్లో పక్కపక్కన కూచుంటాయని అన్నాడు. ఆ పేపరూ అచ్చయింది.

గాసితో మాత్రం ఎలీయేజరు మాటలు మానలేదు. వాళ్ళ మావకు ఈ గొడవంతా చెప్పి, సవరణలో నీ పేరు ఎక్కడా పడనీయలేదని కూడా చెప్పాడట. గాసి "ఆ కేకలేసిన బాబు పేరు ఏసినావా?" అని అడిగాడు. లేదన్నాడు. "ఆడి పేరు ఎయ్యాలి" అన్నాడు గాసి. ఆ మాట సరైందేనని ఎలీయేజరు ఇప్పటికీ అంటాడు. ఆ పెద్దమనిషి పేరు ఏ రికార్డులోనూ దొరకలేదు.

రెండువేల తొమ్మిదిలో ప్రమోషను ఇంటర్వ్యూకు మేమిద్దరం కలిసే వెళ్ళాం. ప్రచురణల పట్టికలో ఎలీయేజరు ఆ ఒక్క పేజీ సవరణ మాత్రమే రాశాడు. ఇంటర్వ్యూ చేసిన పెద్దాయనకు ఆ రంగం కొంచెం తెలుసు. "మీ పేరుతో చాలా ప్రసిద్ధమైన పేపరుంది కదా, అది వేయలేదేం? అది వేస్తే మీకు పాయింట్లు సరిపోతాయి" అన్నాడు, మంచితనంతోనే. వేయనన్నాడు. పాయింట్లు సరిపోలేదు. నాకు ప్రమోషను వచ్చింది, అతనికి రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మీద జీపు ఆగితే ఇద్దరం దిగి నిలబడ్డాం. బాధగా ఉందా అని అడిగాను.

"బాధ లేదండీ. రోత ఉంది. అది తగ్గుతుందేమోనని చూస్తున్నాను, తగ్గట్లేదు" అన్నాడు. జీపు వాడు హారన్ కొడితే ఎక్కి కూచున్నాం.